విదేశాంగోద్యోగి తొలి జీతము

పై తరగతుల విద్యార్థులకు పౌరశాస్త్రము బోధించునప్పుడు మాకు తఱచుగా నెదురగు ప్రశ్నలలో నిది యొకటి: పరదేశములలో మన దేశము పక్షమున నుండు ఉద్యోగులకు జీతమెంత? దానిని నిర్ణయించువారెవరు? తలిదండ్రులు కొందఱు ఈ ప్రశ్నమునే మఱియొక రీతిగా నడుగుదురు. తమ పిల్లవాడు పరీక్షలో గెలిచినను, ఆస్తి లేని యింటివాడు ఆ పదవిలో నిలువగలడా యని వారి సందేహము. మన సీమలో తెల్లవార్లు మేలుకొని రాయబార నాటకములు చూచినవా రనేకులు గలరు. కాని సంజయునికి ధృతరాష్ట్రుడు నెలకెంత యిచ్చెనో యే నాటకమునందును వినబడదు. కావున ఆ సంగతి యిచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ముందుగా తలిదండ్రుల సందేహమును గూర్చి. అది నిరాధారమైనది కాదు. ఇంగ్లండు దేశమున 1919 వఱకును రాయబారి కొలువులో చేరగోరు యువకునికి సాలునకు 400 పౌనుల స్వంత రాబడి యుండవలెనను నియమముండెను. చేరిన పిదప మొదటి రెండేండ్లు జీతమే లేదు. అనగా కలిగినవారి బిడ్డలే ఆ కొలువులో చేరగలిగిరి. ఎంత తెలివిగలవాడైనను పేదవాడు గడప దాటలేకపోయెను. 1914లో నొక రాజవిచారణ సంఘము ఈ నియమమును కొట్టివేయవలెనని చెప్పగా, యుద్ధము ముగిసిన పిమ్మట అది తొలగింపబడెను. తొలి జీతమెంత యనునది కేవలము అంకెల ముచ్చట కాదు. ఆ జీతముతో బ్రదుకవచ్చునా లేదా యనుదానిని బట్టియే దేశము తన పక్షమున నెవరి బిడ్డలను పంపునో తేలును.

మన దేశమున ఇండియన్ ఫారిన్ సర్వీసును నెలకొల్పవలెనని 1946 అక్టోబరులో నిశ్చయించిరి. పరీక్ష ద్వారా ఎన్నికైన మొదటి జట్టు 1948లో చేరెను. దీనితోపాటు ప్రభుత్వము ప్రజానాయకులను కూడ రాయబారులుగా పంపుట కలదు. మన పొరుగుననున్న బరంపురమున పుట్టిన వి.వి. గిరిగారు 1947 నుండి 1951 వఱకు సింహళమున భారత హైకమిషనరుగా నుండిరి. పిదప మన పాతపట్నము నియోజకవర్గము నుండి లోకసభకు ఎన్నికై, కేంద్రమున కార్మికశాఖామంత్రి యైరి. బ్యాంకు ఉద్యోగుల జీతములకు సంబంధించిన తీర్పును ప్రభుత్వము తగ్గించినందున 1954లో ఆ మంత్రిపదవిని వదలుకొనిరి. రాయబారమును, జీతముల తగవును రెంటిని ఎఱిగిన మనుష్యుడు మన వైపుననే యుండెనని చెప్పుటకు సంతోషించుచున్నాము. అయితే ఇట్టి నియామకములు వేఱు. ఈ వ్యాసమున మేము చెప్పునది పరీక్ష వ్రాసి అడుగుమెట్టున చేరువారిని గూర్చియే.

ఉద్యోగికి ఎంత ఈయవలెనను ప్రశ్నము పురాతనమైనది. 1766లో ఉత్తర సర్కారులు, వానితో చికాకోలు సర్కారును, కంపెనీవారి చేతికి వచ్చిన కాలమున కంపెనీ నౌకరులకు జీతములు స్వల్పము. స్వంత వ్యాపారము, కానుకలు మాత్రము విస్తారము. జీతము చాలనిచో చేయి వేఱుచోట చాచునని గ్రహించి, కారన్‌వాలిసు ప్రభువు వంగదేశమున కలెక్టరు జీతమును నెలకు 1500 రూపాయలకు పెంచి, స్వంత వ్యాపారమును నిషేధించెను. 1912లో ఏర్పడిన ఇస్లింగ్‌టను సంఘమువారు మఱియొక సూత్రము చెప్పిరి: తగినవారిని చేర్చుకొనుటకు ఎంత కావలెనో అంతయే ఈయవలెను, అంతకు మించరాదు. ఇది అంగడి సూత్రము. పైమెట్టువారికిది బాగుగనే యుండును గాని, క్రిందిమెట్టున పనికొఱకు వేలమంది కాచుకొనియుండు దేశమున దీని ఫలితమేమో వేఱుగా చెప్పనక్కఱలేదు. 1931లో కరాచీ కాంగ్రెసు మహాసభవారు దీనికి కేవలము ఎదురుగా నిలిచి, ప్రత్యేక నిపుణులు తప్ప ఏ ప్రభుత్వోద్యోగికిని నెలకు 500 రూపాయలకు మించి ఈయరాదని తీర్మానించిరి. స్వాతంత్ర్యము వచ్చు తరుణమున వరదాచారియారుగారి అధ్యక్షతను కూర్చుండిన మొదటి వేతనసంఘము ఈ రెండు కొనలకును నడుమ నొక దారి త్రొక్కి, అడుగువానికి 55 రూపాయలును, సామాన్యముగా పైవానికి 2000 రూపాయలును సూచించెను. నాటి నుండి సుమారు పదేండ్లకొకమాఱు ఇట్టి సంఘము ఏర్పడుచునే యున్నది.

ఇప్పుడు అసలు లెక్కకు వత్తము. విదేశాంగోద్యోగి జీతము నిర్ణయించుటకు ముందు రాయబారిని గాక కూలివానిని జూతురు. ఈ మాట చదువరులకు వింతగా దోచవచ్చును. 1957లో జరిగిన పదునైదవ భారత కార్మిక సమావేశమున ఒక కొలమానము అంగీకరింపబడెను. పురుషుడు 1, స్త్రీ 0.8, ఇద్దఱు బిడ్డలు ఒక్కొక్కరు 0.6, వెరసి 3 పాళ్ల కుటుంబము. (స్త్రీకి తక్కువ పాలు వేసినదెందులకని మా తరగతిలో నొక బాలిక యడిగినది. పొలమునందును ఇంటను పనిచేయు మన స్త్రీలను జూచినవారికి ఆ ప్రశ్న సహేతుకమే.) ఈ కుటుంబమునకు ఆరోగ్యముగా బ్రదుకుటకు కావలసిన ఆహారమెంతయో డాక్టరు అక్రాయిడు లెక్క ప్రకారము తీసికొందురు. ఈయన కూనూరులోని పోషకాహార పరిశోధనశాలకు అధిపతిగా నుండెను. ఆ శాలయే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యను పేర నున్నది.

ఏడవ వేతనసంఘము ఈ కొలతనే చేపట్టెను. జస్టిసు అశోక్ కుమార్ మాథుర్ అధ్యక్షతను ఇది 2015 నవంబరులో నివేదిక సమర్పించెను. పాలు ఒకటికి దినమునకు బియ్యమో గోధుమయో 475 గ్రాములు, పప్పు 80 గ్రాములు. అనగా మూడు పాళ్ల కుటుంబమునకు నెలకు 42 కిలోల 750 గ్రాముల ధాన్యము, 7 కిలోల 200 గ్రాముల పప్పు. వీనితో ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు, పాలు, బెల్లము, నూనె, చేపలు, మాంసము, గ్రుడ్లు. ఒంటిమీదికి నెలకు ఐదున్నర మీటర్ల గుడ్డ. ఈ వస్తువుల ధరలు కట్టి, వానిపై వంటచెఱకు, దీపము, వేడుకలు, పెండ్లిపేరంటములు, ఇల్లు మొదలగువానికి కొంత కొంత చేర్చిరి. మన పల్లెలలో చోడి అంబలితో ప్రొద్దు గడపువారికి ఈ పట్టిక పండుగ భోజనమువలె దోచునేమో గాని, శాస్త్రజ్ఞుల దృష్టిలో నిది ఆరోగ్యమునకు కావలసినంత మాత్రమే. ఇట్లు తేలిన మొత్తమును గుండుసున్న చేసి 18,000 రూపాయలు ప్రభుత్వోద్యోగికి కనిష్ఠ జీతముగా స్థిరపఱచిరి. 2016 జనవరి 1వ తేదీ నుండి ఇది అమలులోనికి వచ్చెను.

అంతకు ముందు కనిష్ఠ జీతము 7000 రూపాయలు. 18,000 ను 7000 చే భాగించిన సుమారు 2.57 వచ్చును. పాత జీతములను క్రొత్త జీతములుగా మార్చు గుణకము ఇదియే. అయితే పైమెట్లలో బాధ్యత హెచ్చునని చెప్పి గుణకమును కొంచెము కొంచెముగా పెంచిరి. విదేశాంగోద్యోగి చేరునది పదవ మెట్టున. అచ్చటి గుణకము 2.67. ఆఱవ సంఘము నాటి తొలి జీతము 15,600 రూపాయలు, దానిపై శ్రేణివేతనము 5400, వెరసి 21,000. దీనిని 2.67 చే గుణింపగా 56,070. దానిని సరిచేయగా 56,100. తొలి జీతమిదియే. గణితపు తరగతివారు తామే పలకమీద వేసి చూడవచ్చును.

ఇచ్చట మాకొక విశేషము కనబడినది. నాల్గవ సంఘము నాడు కనిష్ఠము 750, ఈ యుద్యోగి తొలి జీతము 2200. ఐదవదాని నాడు 2550, 8000. ఆఱవదాని నాడు 7000, 21,000. ఏడవదాని నాడు 18,000, 56,100. రూపాయల సంఖ్య ఎంత పెరిగినను, నిష్పత్తి మాత్రము ముప్పదియేండ్లుగా మూడింతలకు అటు నిటుగనే నిలిచియున్నది. తలుపువద్ద నిలుచు నౌకరునకును, నూతనముగా చేరిన అధికారికిని మూలజీతమున గల యెడము ఇంతియే. పైకి పోవుకొలది అది పెరుగును. విదేశాంగ కార్యదర్శి మూలజీతము 2,25,000, అనగా పన్నెండున్నర యింతలు.

మఱియొక సంగతి. పరీక్షలో మొదటివాడుగా వచ్చి విదేశాంగమును కోరుకొన్నవానికిని, క్రింది వరుసలో నెగ్గి ఆదాయపుపన్ను శాఖలో చేరినవానికిని, పోలీసు శాఖలో చేరినవానికిని తొలి జీతమొక్కటే. రెండు పట్టములున్నవానికి హెచ్చు లేదు. ఇరువదియొక్కయేండ్లకు చేరినను, ముప్పదియేండ్లకు చేరినను భేదము లేదు. (ముందే ప్రభుత్వోద్యోగములో నున్నవారి జీతరక్షణకు వేఱు నియమములు గలవు.) అమెరికాలోనైతే చదువును, పూర్వపు పని యనుభవమును లెక్కించి తొలి మెట్టును నిర్ణయింతురు. ద్రాక్షతోటలోని పనివారి ఉపమానము చదివినవారికి మన పద్ధతి క్రొత్తగా నుండదు. ఆ ఉపమానములో సణిగినవారున్నట్లే ఇచ్చటను కలరు. విదేశాంగ సేవకును, పరిపాలక సేవకును తర్వాతి పదోన్నతులలో రెండేసి యింక్రిమెంట్లు అదనముగా లభించు ఆచారము కలదు. తక్కిన సేవలవారు దీనిని చాలకాలముగా ఆక్షేపించుచున్నారు. ఏడవ సంఘములోని సభ్యులకే ఈ విషయమున ఏకాభిప్రాయము కుదరలేదు.

జీతము సమానమైనను పదవి సమానముగా నుండలేదు. 1949లో ఈ సేవలో చేరిన మొదటి స్త్రీ సి.బి. ముత్తమ్మగారు. ఆమె చదివినది చెన్నపట్టణపు విమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో. వివాహమాడినచో రాజీనామా యిత్తునని ఆమెచేత వ్రాయించుకొనిరి. పురుషులచేత అట్టిది వ్రాయించుకొనలేదు. ఆమె సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేయగా, 1979లో జస్టిసు కృష్ణయ్యరుగారు ఇట్టి నియమములను తీవ్రముగా ఖండించిరి. మన బాలికలు ఆమె పేరు తెలిసికొనవలసినదని మా అభిప్రాయము.

మూలజీతముపై కరవుబత్తెము చేరును. దేశమున 88 పారిశ్రామిక కేంద్రములలో నెలనెలకు వస్తువుల ధరలు సేకరించి సూచిక కట్టుదురు. వానిలో మన విశాఖపట్టణ మొకటి. విశాఖ అంగడిలో కందిపప్పు ధర హెచ్చినచో, దాని అణువంత ఫలితము టోకియోకో జెనీవాకో పోవలసిన యువకుని జీతపు చీటీలో కనబడునన్నమాట. ఈ బత్తెమును సంవత్సరమునకు రెండుమాఱులు సవరింతురు. 2025 జూలై నాటికి ఇది నూటికి 58 వంతులు. అప్పటి లెక్కను 56,100 పై 32,538 చేరి 88,638 రూపాయలగును. ఢిల్లీలో ప్రభుత్వగృహము లేనివానికి ఇంటియద్దె బత్తెము నూటికి 30 వంతున 16,830 కూడ వచ్చును. ఇందులోనుండి పింఛనునిధికి నూటికి 10 వంతులు, ఆదాయపు పన్ను మొదలగునవి తగ్గును. మస్సూరీలోను, ఢిల్లీలోను శిక్షణ పొందు దినములలోనే జీతము మొదలగును. తలిదండ్రులు డబ్బు పంపవలసిన యవసరము లేదు.

శిక్షణ ముగిసినవాడు తృతీయ కార్యదర్శిగా విదేశమునకు పోయి, అచ్చటి భాష నేర్చుకొనును. అప్పుడు విదేశబత్తెము చేరును. దీనిని జూచియే జనులు ఆ జీతము కొండంత యనుకొందురు. అది లాభము కాదు. ఇచ్చట రూపాయితో కొనునది అచ్చట ఎన్ని యింతలగునో చూచి, ఊరూరికి వేఱుగా కట్టిన మొత్తమది. ధరలు హెచ్చుచోట హెచ్చు, తగ్గుచోట తగ్గు. ఇల్లు ప్రభుత్వమే చూపును. అతిథిసత్కారములకు వేఱుగా కొంత సొమ్మును ఇచ్చి లెక్క యడుగుదురు. వీనికి 1961లో చేసిన నియమావళి యొకటి కలదు. ఉద్యోగి స్వదేశమునకు మరలినప్పుడు విదేశబత్తెము నిలిచిపోవును.

పైని చెప్పిన అంకెలన్నియు ఏడవ సంఘమువి. 2025 జనవరిలో ప్రభుత్వము ఎనిమిదవ సంఘమునకు సమ్మతించి, నవంబరులో జస్టిసు రంజనా ప్రకాశ్ దేశాయిగారిని అధ్యక్షురాలిగా నియమించి 18 నెలల గడువిచ్చెను. కుటుంబమునకు మూడు పాళ్లు చాలునా, వృద్ధులైన తలిదండ్రులను కూడ లెక్కింపవలదా యని ఉద్యోగసంఘములవారు అడుగుచున్నారు. పాళ్లు పెరిగినచో కనిష్ఠము పెరుగును, దానితో గుణకమును, 56,100 అను నంకెయు మారును.