దవడ ఆపరేషను తరువాతి తొలి వారములు

గత వేసవిలో మా రెండవ కుమారునికి దవడల ఆపరేషను జరిగినది. అతడు ఈ పాఠశాలలోనే చదివినవాడు. ఆ సంగతి తెలిసి ఈ సంవత్సరము ఇద్దరు తండ్రులు మా గదికి వచ్చి, తమ పిల్లలకును డాక్టర్లు ఇట్టి చికిత్సనే సూచించిరనియు, ఇంటికి తెచ్చుకొన్న తరువాత ఏమి చేయవలయునో తెలియక వెనుకాడుచున్నామనియు చెప్పిరి. మేము వైద్యులము కాము. ఐనను ఆరు వారములు రోగి ప్రక్కన కూర్చుండి చూచినదియు, చికిత్స చేసిన డాక్టర్లు మాకు విశదపరచినదియు ఇందు వ్రాయుచున్నాము.

కొందరికి క్రింది దవడ ఎక్కువగా పెరిగి ముందునకు వచ్చును. ముందు పండ్లు ఒకదానితో నొకటి కలియవు. మావాడు దోసెను ముందు పండ్లతో కొరుకలేక ప్రక్క పండ్లతో చింపుకొని తినెడివాడు. తోటి బాలురు అతనికి పెట్టిన మారుపేరు మాకు చాల కాలమునకు గాని తెలియలేదు. ఆ బడికే ప్రధానోపాధ్యాయులమై యుండి తెలిసికొనలేకపోవుట మా లోపమే.

ఎముకల పెరుగుదల ముగిసిన పిమ్మటనే, అనగా సాధారణముగా ఆడపిల్లలకు 16, మగపిల్లలకు 18 ఏండ్లు దాటిన తరువాత, ఈ ఆపరేషను చేయుదురు. అంతకు ముందు ఏడాదియో, అంతకు మించియో పండ్లకు క్లిప్పులు వేసి వరుస సరిచేయుదురు. నోటి లోపలినుండియే ఎముకను కోసి, తగిన చోటికి జరిపి, చిన్న టైటానియము ప్లేట్లతోను స్క్రూలతోను బిగింతురు. క్రింది దవడను నిలువుగా చీల్చి జరుపు పద్ధతిని గూర్చి ట్రౌనర్, ఒబ్వెగెజర్ అను వైద్యులు 1957లో ప్రకటించిరి. ఆ కాలమున ఎముక అతుకుకొనువరకు రెండు దవడలను వారముల తరబడి తీగతో కట్టివేసెడివారు. ప్లేట్లు వచ్చిన తరువాత చాలమందికి ఆ బాధ తప్పినది. క్లిప్పులకు చిన్న రబ్బరు బాండ్లు తగిలించి, పండ్లు సరిగా కలియుటకు దారి చూపుదురు. ఈ సౌకర్యమువలననే ఇంటివారికొక భ్రమ కలుగును. నోరు కొంచెము తెరచుకొనుచున్నది గదా, ఇక తినవచ్చునని తలంతురు. ప్లేటు ఎముకను కదలకుండ పట్టియుంచునే గాని అతికింపజాలదు. అతుకుటకు నేటికిని ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును.

ఇంటికి వచ్చిన నాటి ముఖమును చూచి భయపడరాదు. వాపు రెండవ, మూడవ దినములలో మిక్కిలి హెచ్చును. రెండు మూడు వారములలో చాలవరకు తీయును. మిగిలిన కొంచెము నెలల తరబడి నిలిచి మెల్లగా పోవును. మొదటి రెండు దినములు చెంపలకు చల్లని కాపడము పెట్టితిమి. తల క్రింద రెండు మూడు దిండ్లు వేసి ఎత్తుగా పరుండబెట్టవలెను. పై దవడను కూడ జరిపినచో ముక్కు దిబ్బడ వేయును, కొన్ని దినములు కొంచెము నెత్తురు చెమ్మ కనబడును. రెండు వారములైనను ముక్కు చీదకూడదు. తుమ్ము వచ్చినచో నోరు తెరచి తుమ్మవలెను.

ఈ ముక్కు దిబ్బడవలన ఒక చిత్రము జరిగినది. పిల్లలకు వర్ణమాల చెప్పునపుడు మకారము అనునాసికమని చెప్పుదుము. ముక్కు మూసికొనిపోయినచో మకారము బకారమగును. మావాడు “అమ్మ” యని పిలిచిన ప్రతిసారియు “అబ్బ” యని వినబడెడిది. నొప్పితో మూలుగుచున్నాడని వాని తల్లి రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడవనాడు పలక చేతికిచ్చితిమి. పలకయో, కాగితమో దగ్గర నుంచుట మొదటి దినమునుండియే మంచిది.

అసలు కష్టము ఆహారముతోనే. తొలి రెండు వారములు నీరువంటివే, ఆ తరువాత నమలనక్కరలేని మెత్తనివే పెట్టవలెనని మాకు ఆజ్ఞ. ఒక్కసారి ఎక్కువ త్రాగలేరు గనుక రెండు గంటలకొకసారి కొంచెము కొంచెముగా ఇచ్చితిమి. మాకు స్ట్రా వలదనిరి. సిరంజికి మెత్తని గొట్టము తగిలించి చెంప ప్రక్కనుండి పోసితిమి. మా హోసూరు ప్రాంతపు ఇండ్లలో రాగులకు కొదువ లేదు. పలుచని రాగిజావ, నేయి వేసిన పప్పుకట్టు, చిక్కని మజ్జిగ, పాలు, మిక్సీలో వేసిన పండ్లు మావానిని నిలబెట్టినవి. అన్నియు జల్లెడ పట్టవలెను. ఒక్క పలుకు కుట్లలో చిక్కినను బాధయే. ఇంత చేసినను నాలుగు కిలోలు తగ్గినాడు. తొలి వారములలో బరువు తగ్గుట అందరికిని సహజమేయని డాక్టరుగారనిరి. త్రాగిన ప్రతిసారియు ఉప్పునీటితో పుక్కిలించి, చంటిపిల్లల బ్రష్షుతో క్లిప్పులను శుభ్రపరచవలెను.

మనుమడు చిక్కుట మా తల్లిగారు చూడలేకపోయిరి. “సంగటి ఎవరైనా నముల్తారా నాయనా? మింగేదే గదా!” యని మమ్ము నిలదీసిరి. వాదము చక్కనిదే. కాని ముద్ద పట్టునంతగా నోరు తెరువవలెను గదా! ఆ మాట చెప్పి ఆమెను ఒప్పించితిమి. పన్నెండవనాడు చూడవచ్చిన బంధువొకరు మాత్రము, మేము లేని సమయమున, పాలలో నానవేసిన ఓళిగ ముక్కను వాని నోట పెట్టిరి. ఆకలిమీదనున్నవాడు కొరికినాడు. రబ్బరు తెగినది, దవడలో కలుక్కుమన్నది. ఆ రాత్రియే బెంగుళూరునకు పరుగెత్తితిమి. ఎక్స్‌రే తీసి, ప్లేట్లు కదలలేదని చెప్పువరకు మా ప్రాణములు మాలో లేవు. ప్రేమతో పెట్టినవారిని ఏమనగలము? నాటినుండి వంటింటి తలుపుమీద “ఆరు వారములు” అని సుద్దతో వ్రాసియుంచితిమి.

క్రింది పెదవికిని గడ్డమునకును స్పర్శ లేకుండుట మరియొక సంగతి. దవడ ఎముకలో సాగు నరము ఆపరేషనులో నలుగును. చాలమందికి వారములలోనో నెలలలోనో స్పర్శ తిరిగి వచ్చును. కొందరికి కొంత శాశ్వతముగా రాకపోవచ్చును. ఈ విషయమును ఆపరేషనుకు పూర్వమే డాక్టరునడిగి తెలిసికొనుడు. పెదవికి వేడి తెలియదు గనుక జావను ఇంకొకరు చేతిపై వేసికొని చూచి ఇయ్యవలెను. మొదటి దినముననే మావాని పెదవి కాలినది. వానికి తెలియనే లేదు.

మొదటి వారము చివర అతడు అద్దము చూచుకొని, “ఎందుకు చేయించుకున్నాను?” అని పలకమీద వ్రాసినాడు. ఆకలి, నిద్రలేమి, తనదిగా తోచని ముఖము కలిసి ఈ దిగులు చాలమందికి కలుగునట. దానికి మేము బోధలు చేయలేదు. సాయంకాలము ప్రక్కన కూర్చుండి చదరంగమాడితిమి.

ఎర్రని నెత్తురు ఆగక కారినను, ఊపిరి ఆడకున్నను, జ్వరము వచ్చినను, తగ్గుచున్న వాపు మరల పెరిగినను, చీము వచ్చినను, పండ్లు కలియు తీరు హఠాత్తుగా మారినను క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. వాంతి వచ్చినచో వెంటనే రబ్బర్లు తీయుటకు చిన్న కత్తెరను ప్రక్కనే ఉంచవలెను. దానిని వాడు విధమును ఆసుపత్రి విడుచుటకు ముందే నేర్చుకొనుడు.

ఏడవ వారమున డాక్టరుగారు మెత్తని ఇడ్డెనకు అనుమతి ఇచ్చిరి. ఒక్క ఇడ్డెన తినుటకు అరగంట పట్టినది. మా తల్లిగారు ప్రక్కన కూర్చుండి ఒక్క మాటయు మాటాడక చూచిరి. వాని గడ్డము ఎడమవైపున రూపాయి బిళ్ళంత చోటు నేటికిని మొద్దుగానే యున్నది. అన్నము తినునపుడు అక్కడ మెతుకు అంటినచో వానికి తెలియదు. చెల్లెలు సైగ చేయును, తుడుచుకొనును.