విదేశ వర్తకమును, వియత్నాము రైతులును

విదేశములతో వర్తకమును నిరాటంకముగ సాగనిచ్చినచో దేశము సంపన్నమగునని కొందఱును, రైతు నట్టేట మునుగునని కొందఱును వాదించుట మనము తఱచు వినుచున్నాము. ఈ వాదమును గాలిలో సాగించుటకంటె, మనవలెనే వరిని నమ్ముకొనిన యొక దేశమున జరిగినదానిని విచారించుట మేలని మాకు దోచినది. ఆ దేశము వియత్నాము. సర్కారే సమస్తమును నడపు పద్ధతిని విడిచి బజారు పద్ధతికి మాఱిన దేశములలో, రైతు కష్టసుఖము లింత స్పష్టముగ గానవచ్చునది మఱొకటి లేదని మా యభిప్రాయము.

1976లో దేశమంతయు నొక్కటియైన పిమ్మట, ఉత్తరమున నున్న సమష్టి సేద్యమును దక్షిణమునకును విస్తరింపజేయ బ్రయత్నించిరి. దానికి వారు పెట్టిన పేరు సహకార సంఘమే. పేరు మనదే గాని పని మనది కాదు. చేరుటకు గాని మానుటకు గాని రైతునకు స్వేచ్ఛ లేదు. పనిదినముల లెక్కనుబట్టి పంటను పంచుదురు. మిగులును సర్కారు తాను నిర్ణయించిన ధరకు దీసికొనును. తనది కాని పొలమున సేద్యమెట్లు సాగునో సభ్యులకు వేఱుగ జెప్పనక్కఱలేదు. మెకాంగు నదీముఖమున బంగారమువంటి భూమి గలిగియు నా దేశము బియ్యమును దిగుమతి చేసికొనవలసివచ్చెను. 1988 తొలిమాసములలో ఉత్తర మండలములయందు లక్షలాది జనులు ఆకలిపాలైరి.

ఆ మఱుసటి యేడు, అనగా 1989లో, ఆ దేశమే సుమారు 14 లక్షల టన్నుల బియ్యమును ఎగుమతి చేసెను!

ఇది రేవు ద్వారము దెఱచినంతమాత్రమున గలిగిన ఫలము కాదు. 1986 డిసెంబరులో అచ్చటి కమ్యూనిస్టు పార్టీ మహాసభ ‘దొయి మొయి’ యను నూతన విధానమును అంగీకరించెను. 1988 ఏప్రిలులో భూమిని కుటుంబములకు దీర్ఘకాలపు గుత్తగ నప్పగించి, పన్నుపోను మిగిలినదానిని ఇష్టమైనచోట నమ్ముకొనుమనిరి. 1989లో సర్కారు ధరలను చాలవఱకు ఎత్తివేసి, తమ నాణెమగు దోంగు మారకపు విలువను బజారు విలువకు దగ్గఱగ దెచ్చిరి. ఈ మారకము సంగతి రైతు గమనింపదగినది. దృష్టాంతముగ, డాలరునకు బజారులో పది నాణెములు పలుకుచుండగా సర్కారు మూడే లెక్కగట్టినచో, ఎగుమతి సరకునకు రావలసిన ధరలో ఏడు పాళ్లు దారిలోనే హరించును. అది రసీదు లేని పన్ను. దానిని దొలగించుటతో ధాన్యమునకు నిజమైన ధర కంటబడెను. పిదప 1993 భూచట్టము వరి మున్నగు ఏటిపంటల భూమిని 20 సంవత్సరములకు, తోటల భూమిని 50 సంవత్సరములకు అనుభవహక్కుతో నిచ్చి, ఆ హక్కును బదిలీ చేయుటకును, తాకట్టు పెట్టుటకును వీలు గల్పించెను.

కనుక వర్తకము దెఱచుకొనునాటికి భూమియు, పంటయు, ధరయు రైతు చేతికి వచ్చియుండెను. రష్యాలో నట్లు గాదు. 1992 జనవరిలో అచ్చట ధరలను ఒక్కుమ్మడి విడిచిపెట్టునప్పటికి సేద్యమంతయు పెద్ద సమష్టి క్షేత్రములలోనే చిక్కుకొనియుండెను. 1990, 1998 సంవత్సరముల నడుమ ఆ దేశపు మొత్తము ఉత్పత్తి నూటికి సుమారు 40 పాళ్లు క్షీణించెను. దీనికి గారణములు పెక్కు. వర్తకముపైననే నేరము మోపుట న్యాయము గాదు. అయినను, సిద్ధముగ లేని ఉత్పత్తిదారునకు దెఱచిన ద్వారము లాభమియ్యజాలదని తెలియుచున్నది.

వియత్నాములో 1993లో నూటికి 58 మంది పేదలుండగా, 1998 నాటికి 37 మందియు, 2002 నాటికి 29 మందియు నుండిరి. ఇంత త్వరలో పేదఱికము తగ్గిన దేశములు అరుదు.

కాని ఈ వెలుగునకు నీడయు గలదు. నడిమి కొండసీమయగు దాక్‌లాక్ ప్రాంతమున రైతులు కాఫీతోటల వెంటబడిరి. 1990 ప్రాంతమున 60 కిలోల సంచులు 15 లక్షలకు మించని పంట, 2000 నాటికి కోటి నలుబది లక్షలకు పైబడెను. బ్రెజిలు తరువాత వీరిదే పెద్దపీట. ఏ దేశ మెంత ఎగుమతి చేయవలెనో నిర్ణయించు అంతర్జాతీయ కట్టుబాటు 1989లోనే కూలిపోయియుండుటచే, ఈ సరకు బజారుపై కట్టతెగిన యేరువలె బడెను. 1997లో పౌనుకు సగటున 134 సెంట్లున్న కాఫీ ధర 2001లో 46 సెంట్లకు దిగజారెను. అప్పుచేసి తోటలు వేసినవారు చెట్లను నఱికివేసిరి. ప్రతివాడును ధర జూచి నాటినచో, కాపు వచ్చునప్పటికి ఆ ధర యుండదు.

వరియందును చిక్కులు లేకపోలేదు. 2008లో ప్రపంచమున బియ్యపు ధర అమాంతముగ బెరిగినప్పుడు, పట్టణ ప్రజల యందోళన జూచి సర్కారు మార్చిలో క్రొత్త ఎగుమతి బేరములను ఆపివేసెను. వేసవిలో మరల ననుమతించునప్పటికి ధర దిగుటకు మొదలిడెను. ఎక్కుడు ధర పత్రికలలో గనబడినదే గాని రైతు మూటలోనికి రాలేదు.

2007 జనవరిలో వియత్నాము ప్రపంచ వాణిజ్య సంస్థలో 150వ సభ్యదేశముగ జేరెను. సభ్యత్వ మున్నను తగవులు తప్పవు. చౌకగ గుమ్మరించుచున్నారని అమెరికా 2003లో వారి చేపలపైనను, 2005లో వారి రొయ్యలపైనను అదనపు సుంకము విధించెను. రెండవ దెబ్బను మన కోస్తా రొయ్యల రైతులును వారితోపాటు తినిరి.

మన ద్వారము మూసినను అచ్చట ధర గదలును. 2023 జూలైలో మన దేశము బాసుమతి గాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించెను. 2024 సెప్టెంబరులో గాని దానిని సడలింపలేదు. కాకినాడ రేవున ఆ బియ్యపు ఎగుమతి యాగగా, వియత్నాము బియ్యము టన్ను 600 డాలర్లు దాటెను. కాని మెకాంగు ప్రాంతమున ధాన్యమును పెక్కుమంది కాలువగట్టుననే, పచ్చిగింజగనే, పడవ వర్తకులకు దూచి యిత్తురు. కోతకు ముందే బయానా పుచ్చుకొని ధర నొప్పుకొన్నవారు పెఱిగిన ధర నడుగజాలకపోయిరి. కొన్ని బేరములు చెడి తగవులయ్యెను. ఎండబెట్టి నిలువయుంచుటకు చోటున్నవారే మంచిధరకై వేచియుండగలిరి. చేరుటయు మానుటయు రైతు ఇష్టముననే యుండునట్టి సంఘములకు 1996లో అచ్చట క్రొత్త చట్టము చేసిరి. ఆ సంఘములకు ఆరబోయు కళ్లములు, గిడ్డంగులు సమకూర్చుటయే నేడు వారి ముందున్న పని.