స్నానాల గదిలో వెచ్చని నేల



పుష్యమాసపు వేకువజామున నల్లరాతి నేలపై ఒట్టి పాదము మోపినవారికే ఆ చలి యెట్టిదో తెలియును. తిరుపతిలోను శ్రీకాళహస్తిలోను కాపురముండు వారు ఈ మాటకు నవ్వుకొందురేమో! ఏడాదిలో ఎక్కువ నెలలు నేల చల్లబడిన చాలునని వారి కోరిక. మదనపల్లె సంగతి వేరు. ఆ యూరు సముద్రమట్టమునకు 2,200 అడుగులకు పైని ఉన్నది. దాని దాపుననున్న ఏనుగు మల్లమ్మ కొండ 4,000 అడుగులు దాటినది. 1870 ప్రాంతమున కడప కలెక్టరు హార్సిలీ దొర ఎండకు తాళలేక ఇల్లు కట్టుకొన్నది ఆ కొండపైననే. ఆయన పేరే నేడు దానికి వాడుకలో నిలిచినది.

ఆ మదనపల్లెలో మా ఆడుబిడ్డ క్రొత్తగా ఇల్లు కట్టించుచు, స్నానాల గది నేలక్రింద విద్యుత్తు తీగ పరిపించిన పాదములకు వెచ్చగా నుండునట, పరిపింపవచ్చునా యని మమ్ము అడిగినది. ఆమె అత్తగారు ఎనుబదియేండ్లు దాటినవారు, కీళ్ళనొప్పులు గలవారు. నేల చలికి త్వరత్వరగా అడుగులు వేయబోయి ఒక పర్యాయము జారిపడిరి. ఎముక విరుగలేదు గాని, ఆనాటినుండి స్నానమనిన వారికి భయము. కావున దీనిని ధనికుల విలాసమని త్రోసిపుచ్చుటకు మాకు మనసొప్పలేదు.

పూర్వము మన యిండ్లలో జాలారికి ఆనుకొని పొయ్యియు, దానిపై రాగి అండాయు ఉండెడివి. కట్టెల వేడికి నీళ్ళతోపాటు గోడయు నేలయు కొంత వెచ్చబడెడివి. గీజరు వచ్చిన పిదప పొగ పోయినది, మన కన్నులు బాగుపడినవి. కాని నీళ్ళు మాత్రమే కాగుచున్నవి, గది చలిగానే యున్నది. నేలను వెచ్చచేయుట క్రొత్త యూహయు కాదు. ప్రాచీన రోమకులు స్నానశాల నేలను పొట్టి స్తంభములపై నిలిపి, క్రిందుగా పొయ్యి వేడిని పారించెడివారు. కొరియావారి ఒండోల్ పద్ధతియు అట్టిదే.

ఇప్పటి పద్ధతిలో సన్నని కేబులును వలకు కుట్టి చాపవలె చుట్టి అమ్ముదురు. చదరపు మీటరునకు 150 వాట్ల చాప స్నానాల గదులకు సామాన్యముగా వాడబడును. క్రింద వేడి దిగిపోకుండ అడ్డుపలక, నీరు దిగకుండ పూత, చాప, టైల్సు అంటించు సిమెంటు, పైన టైల్సో రాయో. అడ్డుపలక వేయనిచో వేడిలో పెద్దభాగము క్రింది కాంక్రీటు పాలగును. మరుగుదొడ్డి పీటక్రింద చాప పరువరాదు. ఆ చోటు విడిచిన మా ఆడుబిడ్డ గదిలో మిగిలినది 20 చదరపు అడుగులు; అనగా సుమారు 280 వాట్లు. రెండు గంటలు విడువక కాలినను అర యూనిట్టుకు కొంచెము పైన. రెండు కిలోవాట్ల గీజరు పావుగంటలో త్రాగునది అంతే. స్నానమునకు గంట ముందు దానంతటదే వెలుగునట్లు థర్మోస్టాటును గది వెలుపల పెట్టించితిమి.

లెక్క బాగుగనే యున్నది గాని పని చెడినది. మేస్త్రి తాపీ తగిలి తీగ గాయపడెను. ఎవరును కొలిచి చూడలేదు. టైల్సన్నియు అంటించిన పిదప స్విచ్చి వేయగానే ఆర్.సి.సి.బి. టక్కున పడిపోయినది. ఎలక్ట్రీషియను మేస్త్రిని, మేస్త్రి ఎలక్ట్రీషియనును అనుకొనిరి. నేల పగులగొట్టు కూలి మాత్రము ఆడుబిడ్డ కొంగుముడినుండి పోయినది.

రెండవ పర్యాయము మేమే ముక్కాలిపీట వేసికొని గుమ్మమున కూర్చుంటిమి. పెట్టె విప్పగానే ఒకమారు, పరచిన పిదప ఒకమారు, టైల్సు అంటించిన పిదప మరొకమారు తీగ నిరోధమును ఓములలో కొలిపించి, చీటీపై అచ్చువేసిన అంకెతో సరిచూచి వ్రాసికొంటిమి. మలుపుల వద్ద వలను కోయవచ్చును, తీగను కోయరాదు. ఒక తీగ మరొకదాని మీదుగా పోరాదు. వేడిని కనిపెట్టు సెన్సారును గొట్టములో దూర్చిన, చెడినప్పుడు నేల త్రవ్వకయే మార్చవచ్చును. పరచిన తీగకు ఫోటో తీసి యుంచితిమి. రేపు కొళాయి పనివాడు వచ్చి ఎక్కడ బెజ్జము వేయునో యెవరికెరుక? సిమెంటు పూర్తిగా ఆరువరకు స్విచ్చి ముట్టనీయలేదు.

తడి నేలలో విద్యుత్తు గనుక, 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపడు ఆర్.సి.సి.బి. లేని యింట ఈ పని తలపెట్టనే వలదు. మొదటి తప్పు ప్రాణముమీదికి రాకుండ డబ్బుతోనే పోయినది దానివలననే. నెలకొకమారు దాని పరీక్షాబటను నొక్కి చూడవలెను. మన సీమలో వేసవి నేల బీటలువారును. ఎర్తు గుంటలో నీళ్ళు పోయుట మరువరాదు.

అద్దె యిండ్లవారికి ఈ శ్రమ యేల? చిత్తూరిలో మేము గీజరు నీళ్ళు రెండు చెంబులు ముందుగా నేలపై కుమ్మరించి, పిమ్మట ఎత్తుపీట వేసికొందుము. అది చాలుచున్నది.

మొన్న మార్గశిరమున మదనపల్లె వెళ్ళినప్పుడు ఆ పెద్దమ్మగారు గోడపట్టు విడిచి తమంతట తామే లోనికి నడచిరి. కొంతసేపు కదలక నిలిచి, “మా పుట్టింటి అండా ప్రక్కన నిలుచున్నట్లున్నదే!” అనిరి. నీళ్ళు చల్లారిపోవుచున్నవని ఆడుబిడ్డ రెండుమారులు పిలువవలసి వచ్చినది.