గిటారు పెట్టెలోని రొద: దాని మూలపరీక్ష



క్రిందటి వేసవిలో మా మనుమడు సెలవులకు వచ్చుచు నొక గిటారును, దానితోపాటు మూరెడు ఎత్తుగల యొక పెట్టెను దెచ్చెను. అది గిటారు తీగల ధ్వనిని హెచ్చించి వినిపించు యాంప్లిఫయరు. మీట వేసిన కొంతసేపటికే దానినుండి తుమ్మెద మ్రోతవంటి రొద బయలుదేరెను. వాయించునపుడు స్వరముక్రింద నా రొద వినబడుచుండెను. వాయించుట మానినపుడు రొద యొక్కటియే మిగులుచుండెను. పట్టణములో బాగుచేయువా డొకడు దీనికి సులభోపాయము చెప్పెనట. గోడకు దగిలించు ప్లగ్గునకు మూడు కాళ్లుండును గదా! వానిలో పెద్దదానిని దీసివేయు మనెనట. పిల్లవాడు అట్లే చేసెను. రొద కొంత తగ్గెను. వాడు సంతసించెను, నేను భయపడితిని.

నేను విద్యుచ్ఛాస్త్రము చదివినవాడను గాను. ముప్పదియేండ్లు బడిలో తెలుగు చెప్పితిని. చిన్ననాడు గురువుగారియొద్ద కొంత తర్కము చదివితిని. ఆ తర్కమే యీ పనిలో నాకు అక్కరకు వచ్చినది. దోషమునకు మూలమును గనుగొనుట వేరు. దోషము వినబడకుండ జేయుట వేరు. ఈ భేదమును మీకు దెలుపుటకే యీ ప్రసంగము.

ముందుగా ఆ పెద్దకాలు దేనికున్నదో చెప్పెదను. అది పెట్టెలోని లోహపు పీఠమును భూమితో గలుపును. గిటారు తీగలు గూడ, తీగత్రాటి లోహపు తొడుగుద్వారా, ఆ పీఠముతోనే కలిసియుండును. లోపల నెక్కడనైన ఇన్సులేషను చెడి 230 వోల్టుల విద్యుత్తు పీఠమునకు దాకినచో, పెద్దకాలున్నపుడు అది భూమిలోనికి బోయి ఫ్యూజు కాలిపోవును. లేనపుడో, వాయించువాని వ్రేళ్లకే వచ్చును. 1972వ సంవత్సరము మే 3వ తేదీని బ్రిటనులోని స్వాన్సీ పట్టణమున, స్టోన్ ది క్రోస్ అను బృందములో గిటారు వాయించు లెస్లీ హార్వే వేదికపై నుండగా, భూబంధము సరిగా లేని మైక్రోఫోను తాకి విద్యుద్ఘాతముచే మరణించెను. కావున పెద్దకాలిని దీయుట రొదకు చికిత్స కాదు. కావలివానిని బంపివేసి, ఇక అరపులు లేవని సంతోషించుట వంటిది.

అయినచో రొద యేల తగ్గెను? పిల్లవాడు పెట్టెను కంప్యూటరుతో గూడ నొక తీగచే గలిపియుండెను. పెట్టె కొకటి, కంప్యూటరున కొకటి, రెండు భూబంధములు. నడుమ తీగ తొడుగు. ఇవి కలిసి యొక వలయ మయ్యెను. ఇంటిలోని విద్యుత్తు ప్రభావముచే నా వలయములో స్వల్పప్రవాహము పుట్టి రొద యగుచుండెను. పెద్దకాలు తీయగా వలయము తెగెను. కంప్యూటరు తీగను దీసివేసినను వలయము తెగును గదా! క్రొత్త ప్లగ్గు వేయించి, ఆ తీగను దీయించితిని. రొదలో నొక భాగము పోయెను. తక్కిన భాగము నిలిచెను.

ఇక నా పెట్టెలో నేమున్నదో వినుడు. ఇట్టివానికి మాతృక 1950వ దశకమున అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందు ఫెండరు సంస్థవారు చేసిన చాంపు అను చిన్న యంత్రము. దాని బలము సుమారు 5 వాట్లు. మాది దాని మాదిరిగా వేరొకరు చేసినది. ఇందు మూడే వాల్వులు. పాత రేడియోలలో ఎఱ్ఱగా వెలుగుచుండిన గాజుబుడ్లు మీలో పెద్దలకు జ్ఞాపకముండును. వాల్వు లనగా నవియే. మొదటిది 12ఏఎక్స్7. ఇందు రెండు వాల్వుల పని యొకే బుడ్డిలో జరుగును. గిటారునుండి వచ్చు సూక్ష్మమైన ధ్వనిరూప విద్యుత్తును ఇది రెండు మెట్లలో బెంచును. రెండవది 6వి6; ఇది స్పీకరును గదలించు బలము నిచ్చును. మూడవది 5వై3, ఇది ఇటునటు పాఱు విద్యుత్తును ఒకేదిక్కునకు ద్రిప్పును. చెరువు తూమును కొంచెము కదలించిన కాలువలో నీరు మిక్కుటముగా హెచ్చుతగ్గు లగునట్లు, చిన్నశక్తి పెద్దశక్తిని నడుపుటయే వాల్వు చేయు పని.

5వై3 నుండి వచ్చు విద్యుత్తు సమప్రవాహము గాదు. ఏతముతో నీరు తోడునపుడు బాన వెంబడి బానగా నీరు ఆగి యాగి పడును. నడుమ నొక తొట్టి యున్నచో కాలువలో సమముగా బాఱును. ఇక్కడ తొట్టి పనిని కెపాసిటర్లు చేయును. మన దేశమున విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు చేయును. 5వై3 ఒక్కొక్క ఆవృత్తిలోని రెండు సగములను వాడుకొనును గనుక సెకనునకు 100 బానలు పడును. కెపాసిటరు ఏండ్లు గడచి లోపల ఎండిపోయినచో పూడిన తొట్టివలె నగును. ఆ నూరు కుదుపులును స్పీకరులో రొదగా వినబడును.

తర్కములో అన్వయవ్యతిరేకము లని రెండు గలవు. ఏది యున్నపుడు ఫల ముండునో, ఏది లేనపుడు ఫల ముండదో విచారించి కారణమును నిర్ణయించుట ఆ పద్ధతి. పూర్వము రేడియోలు బాగుచేసిన మా యూరి వృద్ధుని రప్పించి, ఒక్కొక్క వస్తువును మాత్రమే మార్చుచు పరీక్షించితిమి. రెండు మార్పు లొకసారి చేసినచో దేనివలన గుణము గలిగెనో తెలియదు.

మొదట గిటారు తీగను పెట్టెనుండి యూడదీసితిమి. రొద తగ్గలేదు. కావున గిటారులో గాని, తీగలో గాని దోషము లేదు. రెండవది, ధ్వని నియమించు మరను పూర్తిగా తగ్గించితిమి. ఇది 12ఏఎక్స్7లోని రెండు మెట్ల నడుమ నుండును. రొద తగ్గలేదు, కావున దోషము మర తరువాతిదే. మూడవది, మీట ఆర్పి, ప్లగ్గు దీసి, వాల్వు చల్లారిన పిదప 12ఏఎక్స్7ను దీసి, మరల మీట వేసితిమి. రొద అట్లే యుండెను. నాలుగవది, 6వి6 స్థానమున మంచిదానిని బెట్టితిమి. మార్పు లేదు. ఇక మిగిలినది విద్యుత్తు నిచ్చు భాగమే.

దీనికి మరియొక సాక్ష్య ముండెను. పిల్లవాడు గిటారు లావుతీగను మూడవ మెట్టుపై నొక్కి వాయింపగా రొదతో నించుమించు శ్రుతి కలిసెను. ఆ స్వరము సెకనునకు 98 కంపములు. రొద వాల్వులను వేడిచేయు తీగలనుండి నేరుగా వచ్చునదైనచో 50 కంపములదై యొక స్థాయి క్రింద నుండవలెను. శ్రుతి నూటికి గలిసెను గావున కెపాసిటరే దోషియని నిశ్చయించితిమి. వృద్ధుడు దానిని మార్చెను. రొద శమించెను.

అయినను స్వరము పలుచగా నుండెను, మంద్రస్థాయి తేలిపోవుచుండెను. 6వి6 క్రింద 25 మైక్రోఫారడుల చిన్న కెపాసిటరొకటి యుండును. అదియు నెండిపోయినది. దానిని మార్చగా స్వరమునకు నిండుతనము వచ్చెను.

తక్కిన లక్షణములను సంగ్రహముగా జెప్పెదను. మర త్రిప్పునపుడు గరగర మన్నచో దానిలో ధూళి చేరినది. చిటపట మన్నచో వాల్వు కాళ్లయందో, అతుకులయందో పట్టు సడలినది. పెన్సిలుతో మెల్లగా దట్టిన గంటవలె మ్రోగు వాల్వు లోపల వదులైనది. కొంచెము బుస మాత్రము ఇట్టి యంత్రములకు సహజము. 6వి6 లోపలి రేకు ఎఱ్ఱగా కాలుచున్నచో వెంటనే మీట ఆర్పవలెను. దానికి ముందున్న కెపాసిటరు కారి యుండవచ్చును. స్పీకరు తగిలింపక యే పెట్టెనైనను నడుపరాదు; లోపలి ట్రాన్సుఫార్మరు చెడును.

ఒక్క హెచ్చరిక. ఈ పెట్టెలలో 300 వోల్టులకు మించిన విద్యుత్తు గలదు. ప్లగ్గు దీసిన పిదప గూడ కెపాసిటర్లలో అది నిలిచియుండును. మూత విప్పుట తెలిసినవాని పని. అతడు ముందుగా నిలువయున్న విద్యుత్తును రెసిస్టరుద్వారా జాఱవిడిచి, మీటరుతో జూచిన తరువాతనే చేయి పెట్టును. మా వృద్ధుడు ముమ్మారు మీటరుతో జూచెను. నే నంతవరకు మనుమని చేయి పట్టుకొని దూరముగా నిలిచితిని.

గిటారు మీ యింట లేకపోవచ్చును. భజనమందిరములో మైకు పెట్టె యుండును. దానికిని రొద వచ్చును. దానికిని ఎవడో యొకడు పెద్దకాలు తీయుమని చెప్పును. అట్టిచో మీరు పెద్దలై యడ్డుపడుడు. నేడు సాయంకాలమే పోయి ఆ ప్లగ్గునకు మూడు కాళ్లున్నవో లేవో చూడుడు. మూడును ఉన్నచో, గోడలోని భూబంధము నిజముగా భూమిని చేరుచున్నదో లేదో విద్యుత్తు పని తెలిసినవానిచే పరీక్షింపజేయుడు. రొద యున్నను కొన్నాళ్లు సహింపవచ్చును. మూలము దొరకువరకు వెదకుటకు మనకు వ్యవధి గలదు; పోయిన ప్రాణమును వెదకి తెచ్చుటకు ఉపాయము లేదు.