బ్రౌజర్‌లోనే బ్లాక్‌చెయిన్ తనిఖీ

రస్ట్, సి వంటి భాషల్లో రాసిన ప్రోగ్రాములను బ్రౌజర్‌లో వేగంగా నడిపించే బైనరీ రూపం వెబ్‌అసెంబ్లీ. 2019 డిసెంబరులో ఇది అధికారిక వెబ్ ప్రమాణమైంది. పోల్కాడాట్ బ్లాక్‌చెయిన్ కోసం రస్ట్‌లో రాసిన స్మోల్డాట్ ఇలా బ్రౌజర్‌లో నడిచే తేలికపాటి క్లయింటు.

మామూలు వెబ్ యాప్ ఖాతాలో నిల్వ ఎంత ఉందో నెట్‌వర్క్‌లో వేరెవరో నడిపే ఒక నోడ్‌ను అడిగి, అది చెప్పినదే నమ్ముతుంది. నోడ్ అబద్ధమాడినా పట్టుకోలేదు. స్మోల్డాట్ బ్లాకుల శీర్షికలను తెచ్చుకుని, వాటిని ఖరారు చేసిన వాలిడేటర్ల సంతకాలను స్వయంగా సరిచూస్తుంది. నిల్వతోపాటు నోడ్ పంపిన మెర్కిల్ రుజువును (ఆ నిల్వ సరైనదని హాష్‌లతో చూపే ఆధారాన్ని) శీర్షికలోని హాష్‌తో పోలుస్తుంది. ఒక్క బిట్ మారినా హాష్ కుదరదు. ఈ పద్ధతి అసలు విలువ ఇక్కడే ఉంది.

చిక్కు నెట్‌వర్క్ దగ్గర వస్తుంది. వెబ్‌అసెంబ్లీ తనంతట తాను బయటి ప్రపంచాన్ని తాకలేదు, జావాస్క్రిప్ట్ సాయం కావాలి. మామూలు వెబ్ పేజీని బ్రౌజర్ నేరుగా టీసీపీ సాకెట్లు తెరవనివ్వదు. అందుకే వెబ్‌సాకెట్ లేదా వెబ్‌ఆర్‌టీసీ ద్వారా నోడ్‌ను చేరుకోవాలి.