ఆ వాక్యం యోహాను రాసింది కాదు

టీ కొట్టు బల్ల దగ్గర ఇద్దరు మిత్రులు మతం మాటెత్తితే సంభాషణ ఎటు పోతుందో మనకు తెలుసు. "దేవుడు ఒక్కడే కదా, ముగ్గురెలా అయ్యారు?" అంటాడు ముస్లిం మిత్రుడు. "మేమూ ఒక్కడనే అంటున్నాం" అంటాడు క్రైస్తవ మిత్రుడు. కాసేపటికి ఎవరి జేబులో నుంచో ఒక కరపత్రం బయటికి వస్తుంది. అది ఎవరిదైనా సరే, అందులో తరచుగా కనిపించే వచనం ఒకటుంది. యోహాను మొదటి లేఖ, ఐదో అధ్యాయం, ఏడో వచనం. క్రైస్తవ కరపత్రమైతే త్రిత్వానికి అదే రుజువు. ముస్లిం కరపత్రమైతే బైబిల్ మారిపోయిందనడానికి అదే రుజువు. ఆ వచనం కథ మొత్తం తెలిస్తే ఇద్దరూ ఆ కరపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకోవలసి వస్తుందని నా అభిప్రాయం.

ఇంతకీ ఆ వచనంలో ఏముంది? లేఖ రచయిత యేసును గురించి సాక్ష్యమిచ్చేవి మూడు అంటాడు. ఆత్మ, నీరు, రక్తం. ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయంటాడు. ప్రాచీన ప్రతుల్లో ఉన్నది ఇంతే. కాని 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ ఇంగ్లిషు బైబిల్ తెరిచి చూస్తే అదనంగా మరో వాక్యం ఉంటుంది. పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురనీ, వారు తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అనీ, ఆ ముగ్గురూ ఒక్కటేననీ దాని భావం. బైబిల్ మొత్తంలో ముగ్గురూ ఒక్కటేనని ఇంత సూటిగా చెప్పే వాక్యం మరొకటి లేదు. చిక్కు అక్కడే ఉంది.

నాలుగో శతాబ్దానికి చెందిన సైనాయ్ ప్రతిలో ఆ వాక్యం లేదు. అదే కాలపు వాటికన్ ప్రతిలో లేదు. ఐదో శతాబ్దపు అలెగ్జాండ్రియా ప్రతిలోనూ లేదు. గ్రీకు వ్రాతప్రతుల్లో అది కనిపించేవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. వాటిలోనూ కొన్నింటిలో మూలపాఠంలో కాక పుట అంచున, తర్వాతి కాలపు చేతిరాతలో ఉంది. లాటిన్ రచనల్లో మాత్రం నాలుగో శతాబ్దం చివర, స్పెయిన్‌కు చెందిన ప్రిసిలియన్ కాలానికే అది కనిపిస్తుంది. ఎవరో లాటిన్ బోధకుడు ఆత్మ, నీరు, రక్తం అనే మూడింటికీ త్రిత్వపరంగా వ్యాఖ్యానం చెప్పి ఉంటాడు. దాన్ని ఎవరో పుట అంచున రాసుకుని ఉంటారు. తర్వాత నకలు తీసిన లేఖకుడు అది మూలంలోదే అనుకుని లోపలికి చేర్చి ఉంటాడు. పండితుల్లో అత్యధికుల అభిప్రాయం ఇది. కుట్ర అనడానికి ఆధారం లేదు. చేత్తో నకళ్లు తీసే కాలంలో ఇలాంటివి జరిగేవి.

ఈ సంగతి బయటపెట్టింది ఎవరు? క్రైస్తవ పండితులే. హాలెండుకు చెందిన ఎరాస్మస్ 1516లో బాసెల్ నగరంలో గ్రీకు కొత్త నిబంధనను అచ్చు వేయించాడు. తన చేతికందిన గ్రీకు ప్రతుల్లో ఆ వాక్యం లేదు కాబట్టి వేయలేదు. 1519 నాటి రెండో ముద్రణలోనూ వేయలేదు. నలువైపులా గగ్గోలు పుట్టింది. త్రిత్వాన్ని కాదన్న ఏరియస్ మతాన్ని మళ్లీ తెస్తున్నాడన్నారు. చివరికి ఆ వాక్యం ఉన్న గ్రీకు ప్రతి ఒకటి ఇంగ్లండులో కనిపించింది. 1522 నాటి మూడో ముద్రణలో ఎరాస్మస్ ఆ వాక్యాన్ని చేర్చాడు, అనుమానాన్ని మాత్రం దాచుకోలేదు. ఆ ప్రతి ఇప్పుడు డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో భద్రంగా ఉంది. ఆ కళాశాల పేరుకు అర్థం త్రిత్వమే కావడం కాకతాళీయం. ఒక్క గ్రీకు ప్రతిలో చూపినా చేరుస్తానని ఎరాస్మస్ మాట ఇచ్చి ఇరుక్కుపోయాడని చాలా పుస్తకాల్లో రాస్తుంటారు. ఆ వాగ్దానానికి ఆధారమేమీ లేదని డచ్చి పండితుడు డి యోంగే 1980లో తేల్చాడు. మంచి కథలు కరపత్రాల్లోనే కాదు, పండితుల పుస్తకాల్లోనూ తిరుగుతుంటాయి.

లూథర్ తన జర్మన్ అనువాదంలో ఆ వాక్యాన్ని చేర్చలేదు. ఐజాక్ న్యూటన్ 1690లో తన మిత్రుడు జాన్ లాక్‌కు పంపిన దీర్ఘ లేఖలో ఆ వాక్యం తర్వాత చేరిందేనని వాదించాడు. బతికుండగా దాన్ని ప్రచురించే ధైర్యం చేయలేదు. ఆయన మరణించిన 27 ఏళ్లకు, 1754లో, అది అచ్చయింది. 1881లో ఇంగ్లిషు బైబిల్‌ను సవరించిన పండితులు ఆ వాక్యాన్ని తీసేశారు. 1897లో రోమ్ దాన్ని సందేహించరాదని ఆజ్ఞాపించింది. 1927లో పట్టు సడలించింది. 1979 నాటి కొత్త లాటిన్ బైబిల్‌లో తానే వదిలేసింది. ఇక మన సంగతి. తెలుగు చర్చీల్లో విరివిగా వాడే బైబిల్ సొసైటీ వారి తెలుగు బైబిల్ తెరిచి చూడండి. అక్కడ ఆత్మ, నీళ్లు, రక్తమే ఉన్నాయి. ఆ అదనపు వాక్యం లేదు. అంటే, ఈ వచనాన్ని రుజువుగా చూపే తెలుగు కరపత్రాన్ని దాని రచయిత ఇంట్లోని బైబిలే సమర్థించదు!

ముస్లింలకు ఈ వచనంతో పాత పరిచయం ఉంది. 1854 ఏప్రిల్ 10, 11 తేదీల్లో ఆగ్రాలో ఒక మునాజరా జరిగింది. ఒకవైపు మౌలానా రహమతుల్లా కైరానవీ. ఆయనకు తోడుగా డాక్టర్ వజీర్ ఖాన్. రెండోవైపు 'మీజానుల్ హఖ్' రచయిత, జర్మన్ మిషనరీ ఫాండర్. ఆయనకు తోడుగా, తర్వాత లాహోరుకు తొలి బిషప్ అయిన ఫ్రెంచ్ అనే పాదరీ. వైద్యవిద్య కోసం ఇంగ్లండు వెళ్లిన వజీర్ ఖాన్ వస్తూ వస్తూ బైబిల్ మీద యూరప్ పండితులు రాసిన విమర్శ గ్రంథాలు వెంట తెచ్చుకున్నారు. ఆ పుస్తకాలు ఫాండర్ ఊహించని ఆయుధాలయ్యాయి. ఏడెనిమిది చోట్ల పాఠం మారిన మాట నిజమేనని మిషనరీలు ఒప్పుకోవలసి వచ్చింది. యోహాను లేఖలోని ఈ వచనం వాటిలో ఒకటి. కొన్నిచోట్ల మారిన గ్రంథాన్ని ప్రమాణంగా ఎలా తీసుకుంటామని మౌలానా అడిగారు. లేఖకుల పొరపాట్ల వల్ల మూల బోధ మారలేదని ఫాండర్ అన్నారు. సభ అక్కడితో ఆగిపోయింది. 1857 తిరుగుబాటు తర్వాత మక్కాకు వెళ్లిపోయిన మౌలానా రాసిన 'ఇజ్హారుల్ హఖ్' అరబ్బు ప్రపంచమంతా చదివారు. దక్షిణాఫ్రికాకు చెందిన అహ్మద్ దీదాత్ కూడా తన చిన్న పుస్తకాల్లో ఈ వచనాన్ని ఎత్తి చూపారు. మన కరపత్రాలకు అది అక్కడి నుంచే వచ్చింది.

ఇంతవరకు చదివిన ముస్లిం సోదరుడు "ఇంకేం, త్రిత్వం కూలిపోయింది కదా" అనుకోవచ్చు. అక్కడే ఆగాలి. త్రిత్వ సిద్ధాంతం ఆ వాక్యం మీద నిలబడింది కాదు. నాలుగో శతాబ్దంలో ఏరియస్‌తో హోరాహోరీగా వాదించిన అతనాసియస్ గాని, ఆయన తర్వాతి గ్రీకు ధర్మవేత్తలు గాని ఆ వాక్యాన్ని ఉదహరించలేదు. చేతిలో ఉండి ఉంటే వదిలేవారా? వారి ప్రతుల్లో అది లేదు. అది లేకుండానే వారు త్రిత్వాన్ని సిద్ధాంతీకరించారు. కాబట్టి ఆ వాక్యం పోయినంత మాత్రాన సిద్ధాంతం పోదు.

మరి వారు దేని మీద నిలబడ్డారు? మత్తయి సువార్త చివర తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మల నామంలో బాప్తిస్మం ఇవ్వమనే ఆదేశం ఉంది. మనకు అందిన గ్రీకు ప్రతుల్లో అది ఉంది. పౌలు కొరింథీయులకు రాసిన రెండో లేఖ ముగింపు దీవెనలో ఆ ముగ్గురి ప్రస్తావన ఉంది. యోహాను సువార్త తొలి వచనం ఆదిలో వాక్యముందని, అది దేవుడేనని అంటుంది. అదే సువార్త ఇరవయ్యో అధ్యాయంలో తోమా యేసును దేవుడని సంబోధిస్తాడు. ఇవి ఒక పక్క. మరో పక్క, ఇశ్రాయేలు దేవుడు ఒక్కడేనన్న ద్వితీయోపదేశకాండపు ప్రకటన. మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలో హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) అన్నిటికన్నా గొప్ప ఆజ్ఞగా చెప్పింది దాన్నే. తండ్రి తనకన్నా గొప్పవాడని ఆయన అన్నట్టు యోహాను పద్నాలుగో అధ్యాయంలో ఉంది. ఆ ఘడియ ఎప్పుడో తండ్రికి తప్ప కుమారుడికీ తెలియదని మార్కు పదమూడులో ఉంది. ఈ రెండు రకాల వచనాలనూ వదులుకోకుండా కలిపి చదవడానికి చేసిన ప్రయత్నమే త్రిత్వ సిద్ధాంతం. 'త్రిత్వం' అనే మాట బైబిల్‌లో లేదని క్రైస్తవ పండితులే చెబుతారు. ఆ లాటిన్ పదాన్ని మూడో శతాబ్దపు తొలినాళ్లలో వాడుకలోకి తెచ్చింది కార్తేజ్‌కు చెందిన తెర్తుల్లియన్.

క్రీ.శ. 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నైసియా సభలో ఓట్లు వేయించి త్రిత్వాన్ని పుట్టించాడని మన కరపత్రాల్లో మరో మాట ఉంటుంది. అది అంత తేలిక వ్యవహారం కాదు. నైసియా ప్రధానంగా తేల్చింది కుమారుడికీ తండ్రికీ సారం ఒకటేనన్న విషయాన్ని. పరిశుద్ధాత్మ గురించి విశ్వాస ప్రకటనలో ఒక్క మాటతో సరిపెట్టారు. ఆ లోటు పూరించడానికి 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ జరగవలసి వచ్చింది. మధ్యలోని 56 ఏళ్లూ ఒకే గందరగోళం. 337లో మరణశయ్య మీద కాన్‌స్టాంటైన్‌కు బాప్తిస్మం ఇచ్చింది ఏరియస్ పక్షానికి దగ్గరివాడైన బిషప్పే. ఆయన కుమారుడు కాన్‌స్టాంటియస్ నైసియా తీర్మానాన్ని తొక్కిపెట్టాలని చూశాడు. ఆ తీర్మానాన్ని సమర్థించిన అతనాసియస్‌ను అయిదుసార్లు ప్రవాసానికి పంపారు. రాజు అండతో ఒక్కరోజులో పుట్టిన సిద్ధాంతమైతే ఇంత జరిగి ఉండేది కాదు.

మరి దివ్యఖుర్ఆన్ దేన్ని ఖండిస్తోంది? 'ముగ్గురు' అనకండి, మానుకోండి అని అన్నిసా సూరా (4:171) హెచ్చరిస్తుంది. అల్లాహ్ ముగ్గురిలో మూడోవాడనడాన్ని అల్ మాయిదా సూరా (5:73) అవిశ్వాసంగా పేర్కొంటుంది. ఇందులో మెత్తబరచవలసింది ఏదీ లేదు. తౌహీద్ విషయంలో ముస్లింకు రాజీ లేదు. అయితే తాము నమ్మేది ముగ్గురు దేవుళ్లను కాదని, ముగ్గురు దేవుళ్లనడం తమ చర్చి దృష్టిలోనూ మతభ్రష్టతేనని క్రైస్తవులు అంటారు. త్రిత్వంలో హజ్రత్ మర్యం (అలైహస్సలాం) లేరని కూడా అంటారు. నిజమే, వారి విశ్వాస ప్రకటనల్లో మూడో పేరు పరిశుద్ధాత్మ. అయితే తనను, తన తల్లిని దైవాలుగా చేసుకోమన్నావా అని హజ్రత్ ఈసాను ప్రశ్నించే ఆయత్ (5:116) త్రిత్వపు నిర్వచనం చెబుతున్నానని అనదు. మర్యం ముందు మోకరిల్లి మొరపెట్టుకోవడాన్ని అది ప్రశ్నిస్తోందని వ్యాఖ్యాతలు చెప్పారు. మనం ఆ రెంటినీ కలగలిపి "మీ త్రిత్వంలో మర్యం ఉంది కదా" అంటే, ఎదుటివాడు నవ్వి లేచిపోతాడు. తప్పు మనదవుతుంది.

తెలుగులో మరో ఇబ్బంది కూడా ఉంది. 'ఒకే దేవుడు, ముగ్గురు వ్యక్తులు' అన్నప్పుడు వ్యక్తి అంటే మనకు కళ్ల ముందు ఒక మనిషి మెదులుతాడు. గ్రీకులో వాడిన 'హైపోస్టాసిస్' అనే మాటకు ఆ అర్థం లేదు. అరబ్బీ క్రైస్తవులు దానికి 'ఉఖ్నూమ్' అనే సిరియాక్ మాటను అరువు తెచ్చుకున్నారు, బహువచనంలో 'అఖానీమ్'. అబ్బాసీల కాలపు బగ్దాదులో ఈ మాట మీద గొప్ప చర్చలు జరిగాయి. అల్లాహ్‌కు జ్ఞానం, జీవం అనే గుణాలు ఉన్నాయని మీరూ ఒప్పుకుంటారు కదా, మేమనేదీ అలాంటిదే అని క్రైస్తవులు వాదించారు. గుణం ఎన్నడూ మనిషిగా పుట్టదు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవు అని ముస్లిం పండితులు జవాబిచ్చారు. ఆ జవాబుకు పదును ఇప్పటికీ తగ్గలేదని నేననుకుంటాను.

తొమ్మిదో శతాబ్దంలో అబూ ఈసా అల్ వర్రాఖ్ అనే పండితుడు క్రైస్తవులలోని మూడు శాఖలను ఖండిస్తూ పుస్తకం రాశాడు. ఖండనకు దిగే ముందు ఆ మూడు శాఖలు ఏం నమ్ముతాయో, ఎక్కడెక్కడ విభేదిస్తాయో వారి మాటల్లోనే వివరంగా పొందుపరిచాడు. పదో శతాబ్దంలో యహ్యా ఇబ్నె అదీ అనే బగ్దాదు క్రైస్తవుడు దానికి సమాధానం రాస్తూ, వర్రాఖ్ పుస్తకాన్ని ముక్కముక్కగా యథాతథంగా ఎత్తి రాసి, కింద తన జవాబు ఇచ్చాడు. అసలు పుస్తకం విడిగా మనకు దక్కలేదు. ఈనాడు దాన్ని చదవగలుగుతున్నామంటే యహ్యా రాసిపెట్టిన ఆ భాగాల వల్లనే. ఒక ముస్లిం ఖండన వెయ్యేళ్లు బతికింది అతని ప్రత్యర్థి నిజాయితీ వల్ల.

గ్రంథప్రజలతో ఉత్తమమైన రీతిలో తప్ప వాదించవద్దని అల్ అన్కబూత్ సూరా (29:46) మనకు నేర్పుతుంది. ఎదుటివాడు నమ్మనిదాన్ని అతనికి అంటగట్టి ఓడించడం ఆ రీతిలోకి రాదు. చర్చించడానికి అసలైన చోటు వేరే ఉంది. యోహాను సువార్త హజ్రత్ ఈసాను వాక్యం అంటుంది. అన్నిసా సూరాలోని ఆ ఆయత్ కూడా ఆయనను అల్లాహ్ వాక్కు, కలిమా, అంటుంది. పదం ఒకటే. ఆ వాక్కు అల్లాహ్ ఆజ్ఞతో సృజించబడిందా, అనాదిగా దైవంతో ఉందా అన్న దగ్గర దారులు చీలుతాయి. పక్కింటి క్రైస్తవ మిత్రుడితో ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చోవలసింది ఈ ప్రశ్న మీద.

ఆగ్రాలో చర్చించాలనుకున్న అంశాలు ఐదు. త్రిత్వం వాటిలో మూడోది. రెండో రోజున సభ రెండో అంశం దగ్గరే ముగిసింది. మూడో రోజు ఎవరూ రాలేదు.