ట్యాబ్ మీట ఎక్కడ ఆగాలి?

కొన్ని టెక్స్ట్ ఎడిటర్లలో ఆజ్ఞ సగం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది దానంతట అదే పూర్తవుతుంది. ఇందులో ఊహ ఏమీ లేదు. ఆజ్ఞల బదులు చిక్కడపల్లి, నారాయణగూడ, నారాయణపేట, అశోక్‌నగర్ అనే పేర్ల జాబితా ఉందనుకుందాం. ‘చి’ కొడితే పేరు ఒక్కటే కాబట్టి చిక్కడపల్లి మొత్తం వచ్చేస్తుంది. ‘నా’ కొడితే మాత్రం ‘నారాయణ’ దాకా వచ్చి ఆగిపోతుంది. కొట్టినదానితో మొదలయ్యే పేర్లన్నిటినీ ఏరి, వాటికి ఉమ్మడిగా ఉన్న తొలిభాగాన్ని మాత్రమే యంత్రం రాస్తుంది. గూడో పేటో తేల్చాల్సింది మనిషే. ఈ పద్ధతి బలమంతా ఇలా ఆగడంలోనే ఉంది.

1970 ప్రాంతంలో అమెరికాలోని బీబీఎన్ సంస్థ పీడీపీ-10 కంప్యూటర్ కోసం రూపొందించిన టెనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ పని ఎస్కేప్ మీట చేసేది. కెన్ గ్రీర్ అనే ప్రోగ్రామర్ దాన్ని యూనిక్స్‌లో ఆజ్ఞలు అందుకునే షెల్‌లోకి తెచ్చాడు. 1976లో ఎంఐటీలో పుట్టిన ఈమాక్స్ ఎడిటర్ సంతతిలో ఆజ్ఞలు వేలకు పెరిగాయి. అన్నిటినీ కంఠస్థం చేయడం ఎవరికీ సాధ్యం కాదు కనుక ట్యాబ్ అక్కడ తప్పనిసరి అయింది. తర్వాతి మాటను ఫోనే ఊహించే ఈ రోజుల్లో పాత పద్ధతి ఎందుకని అడగవచ్చు. ఉత్తరంలో తప్పు మాట పడితే చెరిపేస్తాం. ఆజ్ఞ తప్పితే ఫైలే పోవచ్చు. అక్కడ ఖాయంగా తెలిసినంతే రాయడం మేలు.

అయితే తెలుగులో ‘ఖాయం’ అంటే ఎంతవరకు? ఆ జాబితాకు ‘అశోకుడు’ చేర్చి ‘అ’ కొట్టి చూడండి. యూనికోడ్‌లో హల్లుకు ఒక సంకేతం, పొల్లుకు, గుణింతపు గుర్తుకు వేర్వేరు సంకేతాలు. సంకేతాలను ఒక్కొక్కటిగా పోల్చే యంత్రం ‘అశోక’ దగ్గర ఆగుతుంది. ఒక పేరులో ఉన్నది ‘క్’, రెండోదానిలో ‘కు’. తెరమీద కనిపించే ‘క’ రెంటిలోనూ లేదు! ఇది క్షణకాలపు లోపమే, తర్వాతి మీటతో సరిపోతుంది కదా అనవచ్చు. కానీ ఖాయమైనదే రాస్తానన్న మాట అక్కడే తప్పింది. పైగా రాయాల్సింది తర్వాతి అక్షరమనుకునే వాడుకరికి, యంత్రం అడుగుతున్నది పొల్లో కొమ్మో అని తోచదు. మందు తేలికే: ఉమ్మడి భాగం దొరికాక, పూర్తి అక్షరం ముగిసే చోటికి, అంటే ‘అశో’ దాకా వెనక్కి జరగాలి. ఆ హద్దులు గుర్తించే నియమాలు యూనికోడ్‌లోనే ఉన్నాయి. 2023లో వచ్చిన 15.1 కూర్పు తెలుగు ఒత్తులనూ విడదీయకుండా లెక్కించే నియమం చేర్చింది. హైదరాబాద్‌లోని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ అశోక్‌నగర్ గదుల్లోనూ పోటీపరీక్షలకు చదివేవారు తెలుగులో ఇబ్బంది లేకుండా వెతకాలంటే, ఇలాగే పేర్లు పూర్తిచేసే వెతుకుడు పెట్టెలు కట్టేవారు ఈ ఒక్క అడుగు వెనక్కి వేయక తప్పదు.